నీళ్లు తేటగా ఉంటే సరిపోదు

మొదటిసారి ఏంజెల్ చేపలు కొన్నది ఒక ఆదివారం సాయంత్రం. ట్యాంకూ, ఫిల్టరూ, గులకరాళ్లూ, నాలుగు చేపలూ అన్నీ ఒకేసారి. మూడు గంటల్లో అన్నీ సర్దేసి, లైటు వేసి, ఫొటో తీసి స్టేటస్ పెట్టేశా. వచ్చే ఆదివారానికి ఒక్కటే మిగిలింది, నలుపూ తెలుపూ కలిసిన మార్బుల్ ఏంజెల్. నీళ్లు మాత్రం అద్దంలా ఉన్నాయి. "నీళ్లు ఇంత బావున్నాయి కదరా, ఎందుకు పోయాయి?" అంది అమ్మ. నా దగ్గర జవాబు లేదు.

తర్వాత తెలిసింది, అసలు దోషి కంటికి కనపడదని. చేపల వ్యర్థాల నుంచి, తినగా మిగిలిన మేత నుంచి అమ్మోనియా పుడుతుంది. రంగుండదు, కానీ చేపకి విషం. ఒక రకం బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా మారుస్తుంది. అదీ విషమే. ఇంకో రకం దాన్ని నైట్రేట్ చేస్తుంది. దీంతో ప్రమాదం చాలా తక్కువ, వారం వారం కొంత నీరు మారిస్తే చాలు. ఈ బ్యాక్టీరియా ఫిల్టర్ స్పాంజిలో స్థిరపడటానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది. నేనిచ్చింది మూడు గంటలు!

పైగా మూడోరోజే "శుభ్రం" అనుకుంటూ స్పాంజిని కుళాయి కింద రుద్ది కడిగా. కుళాయి నీళ్లలోని క్లోరిన్ ఆ బ్యాక్టీరియాని చంపేస్తుంది. స్పాంజిని ట్యాంకులోంచి తీసిన నీళ్లలోనే పిండాలి.

మిగిలిన ఆ ఒక్కదాన్నీ పోగొట్టుకోకూడదనుకున్నా. రోజూ పావు వంతు నీళ్లు మార్చా, క్లోరిన్ పోగొట్టే చుక్కలు కలిపి. మేత సగానికి తగ్గించా. టెస్ట్ కిట్ కొన్నా. అయిదో వారంలో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపించాయి. ఆ రోజు పడ్డ ఆనందం పరీక్ష పాసైనప్పుడు కూడా పడలేదు.

అప్పుడే దానికి తోడు తెచ్చా. ఏంజెల్స్ అమెజాన్ నదీ ప్రాంతం చేపలు. రెక్కలు పైకీ కిందికీ సాగుతాయి కాబట్టి ట్యాంకు ఎత్తు కనీసం 45 సెంటీమీటర్లు ఉంటే మంచిది. గాజు గిన్నెలు అస్సలు వద్దు. నీటి వేడి 25 నుంచి 28 డిగ్రీలుండాలి, చలికాలం హీటర్ తప్పదు. చూడ్డానికి సాధువుల్లా ఉంటాయిగానీ, నియాన్ టెట్రాల్లాంటి చిన్న చేపలు నోట్లో పడితే మింగేస్తాయి.

మొన్న మా మార్బుల్ జతకట్టి ఫిల్టర్ పైపు మీద గుడ్లు పెట్టింది. రెండూ వంతులవారీగా రెక్కలతో విసురుతూ కాపలా కాశాయి. మర్నాటికి అవే తినేశాయి! కొత్త జంటలు అలా చేయడం మామూలేనట. అమ్మ మాత్రం ఇంకా వాటితో మాట్లాడటం లేదు.

ఈ ఆదివారం ట్యాంకు కొంటున్నారా? కొనండి. కానీ టెస్ట్ కిట్ రెండు సున్నాలు చూపించేదాకా చేపల్ని షాపులోనే ఉండనివ్వండి.