గూడు కాచే తండ్రి లెక్క

చేపలకు బిడ్డల మీద మమకారం ఉండదని చాలామంది అనుకుంటారు. శీలావతి, బొచ్చె వంటి పెద్ద చేపల విషయంలో ఇది నిజమే. వర్షాకాలపు వరదనీటిలో అవి లక్షలాది గుడ్లను విడిచి తమ దారిన తాము పోతాయి. ఆ గుడ్లలో ఏది బతికినా, ఏది చచ్చినా వాటికి పట్టదు. కాని మంచినీటి చేపలన్నీ ఇలాంటివి కావు. గూడు కట్టి, గుడ్లను కాపాడి, పిల్లలు ఈదుకొని పోయేంతవరకు తిండి కూడా సరిగా తినక కాపలా కాసే జాతులు అనేకం ఉన్నాయి. వింత ఏమిటంటే, ఈ భారాన్ని మోసేది తరచు తల్లి కాదు, తండ్రి.

ఇక్కడ ఒక చిక్కు ప్రశ్న ఉన్నది. చాలా చేపలలో గర్భధారణ అనేది లేదు. ఆడది గుడ్లను నీటిలోనే విడుస్తుంది, మగది వాటి మీద శుక్లాన్ని వదులుతుంది. రెండూ నీటిలోనే కలుస్తాయి. ఆ క్షణంలో పక్కనుంచి మరొక మగచేప దూరి తన శుక్లాన్నీ కలిపితే, పుట్టే పిల్లలు ఎవరివి? రేయింబవళ్ళు కాపలా కాస్తున్న ఆ తండ్రి నిజంగా తన బిడ్డలనే పెంచుతున్నాడా?

ఈ ప్రశ్నకు అత్యంత స్పష్టమైన సమాధానాలలో ఒకటి కెనడా దేశంలోని ఒంటారియో రాష్ట్రంలో ఉన్న ఒపినికన్ సరస్సు నుంచి లభించింది. అక్కడ బ్లూగిల్ సన్‌ఫిష్ అనే చేప విస్తారంగా ఉంటుంది. అది అరచేయి వంటి బల్లపరుపు దేహం గల చిన్న చేప. మార్ట్ గ్రాస్ అనే శాస్త్రజ్ఞుడు 1970 దశకంలో దాని జీవితాన్ని పరిశీలించడం ప్రారంభించారు. తరువాత బ్రయన్ నెఫ్ మొదలైనవారు ఆ కృషిని ముందుకు తీసుకుపోయారు.

వేసవి ఆరంభంలో పెద్ద మగ బ్లూగిల్‌లు లోతు తక్కువైన చోట గుంపుగా చేరి, తోకలతో అడుగునున్న మట్టిని చిమ్మి పళ్ళెం వంటి గుంటలు చేస్తాయి. ఒక గూటిని ఆనుకొని మరొక గూడు ఉంటుంది. ఆడచేపలు గుంపుగా వచ్చి, తమకు నచ్చిన గూళ్ళలో దిగి, మగచేప పక్కన తిరుగుతూ, ఒక్కొక్క మునకకు కొద్దిపాటి గుడ్లు చొప్పున విడిచి వెళ్ళిపోతాయి. ఆ తరువాత పని అంతా మగదే. రెక్కలను విసనకర్రల వలె ఆడిస్తూ గుడ్లకు ప్రాణవాయువు గల నీటిని అందిస్తుంది. గుడ్లను మింగవచ్చిన చేపలను తరిమివేస్తుంది. గుడ్లు పొదగడానికి రెండు మూడు రోజులు పడుతుంది. పిల్లలు గూడు విడిచేందుకు మరికొన్ని రోజులు కావాలి. అంతకాలమూ అది మేతకు దూరంగా ఉండి చిక్కిపోతుంది.

ఇంత శ్రమకు ఓర్చే మగచేప పెళ్ళీడుకు రావడానికి దాదాపు ఏడేళ్ళు పడుతుంది. అయితే అదే సరస్సులో రెండేళ్ళకే ఈడు వచ్చే మగచేపలు కొన్ని ఉన్నాయి. అవి గూడు కట్టవు, కాపలా కాయవు. గూటి అంచున కలుపుమొక్కల చాటున పొంచి ఉండి, ఆడచేప గుడ్లు విడిచే క్షణంలో బాణం వలె దూసుకువచ్చి శుక్లాన్ని వదిలి పారిపోతాయి. దేహంతో పోల్చితే వాటి వృషణాలు చాలా పెద్దవి. నాలుగైదేళ్ళ ప్రాయానికి అవి ఆడచేపల పరిమాణానికి ఎదుగుతాయి. అప్పుడు దాగవలసిన అవసరం తీరిపోతుంది. ఆడచేప రంగును, నడకను ధరించి, గూటి యజమాని కళ్ళ ఎదుటే ఆ జంట నడుమకు చేరతాయి. యజమాని తన గూటికి రెండు ఆడచేపలు వచ్చాయని భ్రమిస్తాడు. ఈ దొంగచేపలు ఎన్నడూ గూడు కట్టే తండ్రులు కావు. ఆ వయస్సు రాకముందే మరణిస్తాయి.

దొంగతనం ఎంత? పైకి చూచి చెప్పడం సాధ్యం కాదు. ఇక్కడ అక్కరకు వచ్చింది వంశ లక్షణాలను మోసే డి.ఎన్.ఎ. పరీక్ష. 1984లో ఇంగ్లండులో అలెక్ జెఫ్రీస్ కనిపెట్టిన డి.ఎన్.ఎ. ముద్రల పద్ధతి, హైదరాబాదులో లాల్జీ సింగ్ కృషితో మన న్యాయస్థానాలకు కూడా చేరింది. బిడ్డ డి.ఎన్.ఎ.లో సగం తల్లిది, సగం తండ్రిది అన్న అదే సూత్రంతో శాస్త్రజ్ఞులు గూళ్ళలోని చేపపిల్లలను, వాటిని కాచే మగచేపను పోల్చి చూచారు. సగటున గూటిలోని పిల్లలలో అయిదింట నాలుగు వంతులు మాత్రమే యజమానివని తేలింది. మిగిలిన వంతు దొంగలది.

మరి తండ్రికి ఈ సంగతి తెలుస్తుందా? 2003లో నెఫ్ ప్రకటించిన ప్రయోగాలు దీనికి జవాబు ఇచ్చాయి. గుడ్లు పెట్టే సమయంలో ఆయన దొంగచేపలను పారదర్శకమైన పాత్రలలో ఉంచి, కొన్ని గూళ్ళ చుట్టూ అమర్చారు. అవి కంటికి కనబడుతున్నాయే గాని నిజానికి ఏ హానీ చేయలేవు. అయినా ఆ గూళ్ళ యజమానులు గుడ్లను కాచడంలో శ్రద్ధ తగ్గించాయి. గుడ్లు పిగిలి పిల్లలు బయటికి వచ్చిన తరువాత మాత్రం ఆ తండ్రుల శ్రద్ధ తిరిగి పెరిగింది. మరికొన్ని గూళ్ళలో ఆయన కొన్ని గుడ్లను తీసి, వేరే గూటి గుడ్లను ఉంచారు. గుడ్లుగా ఉన్నంతకాలం యజమాని తేడా గుర్తించలేదు. పిల్లలు పుట్టగానే కాపలా సడలింది. గుడ్లకు తండ్రి ఎవరో కంటితో ఊహించవలసిందే. పిల్లలు పుట్టిన తరువాత వాటి వాసన సాక్ష్యం చెబుతుంది.

చేప కూర్చుని ఆలోచిస్తున్నదని దీని అర్థం కాదు. పరాయి పిల్లలకోసం తన బలాన్ని ధారపోసిన చేపల వంశం క్షీణించి, జాగ్రత్తగా లెక్క చూచుకొన్న వాటి వంశం తరతరాలుగా నిలిచింది. ఆ లెక్క ఇప్పుడు దాని స్వభావంలో ఒదిగి ఉన్నది. తండ్రి ప్రేమ అనేది ఒకసారి ఇచ్చి మరచిపోయే వరం కాదు, కళ్ళు, ముక్కు చెప్పే సాక్ష్యాన్ని బట్టి పూట పూటకూ సరిదిద్దుకొనే పని అని బ్లూగిల్ చాటుతున్నది.

దొంగచేపల పద్ధతి సులువైనది కదా, అన్నీ అదే ఎందుకు చేయవు? గూడు కట్టే చేపలు తగ్గిపోతే దొంగిలించడానికి గూళ్ళే ఉండవు. దొంగల సంఖ్య పెరిగిన కొద్దీ ఒక్కొక్క దొంగకు దక్కే వాటా తగ్గుతుంది. కష్టించే చేప ఉన్నందువల్లనే దొంగ బతుకుతున్నది.

ఈ సంగతులు శాస్త్రజ్ఞులకే పరిమితం కావు. గూటి మీద నిలిచిన మగచేప ఎంత తరిమినా చోటు విడువదు గనుక గాలానికి సులభంగా చిక్కుతుంది. అలాంటిది ఒక్కటి పోతే దాని గూటిలోని గుడ్లు, పిల్లలు కొద్ది సేపటిలోనే ఇతర చేపలకు ఆహారమవుతాయి. మన చెరువులలోని కొరమీనుకూ ఇదే ఆపద. దాని ఎర్రని చిన్నపిల్లలు గుంపుగా నీటి పైకి వస్తున్నప్పుడు అడుగున పెద్దచేప కాపలా కాస్తుంటుంది. ఆ గుంపును చూచి గాలం వేసేవారు ఒక చేపను ఇంటికి తెచ్చుకొంటారు గాని, రేపు చెరువులో పెరగవలసిన వందల చేపలను పోగొట్టుకొంటారు. పిల్లలు చెదిరిపోయేవరకు కొద్దివారాలు ఆగితే తల్లిదండ్రులు తమ పని పూర్తి చేసుకొంటాయి. చెరువును నమ్ముకొన్నవారికీ చేపల కొరత రాదు.