కొత్త చెప్పు కరిచిన చోట

కొత్త చెప్పు కరుస్తుందని తెలుగువారంటారు. ఉర్దూ మాట్లాడే మన ఇళ్ళలో పెద్దలు కూడా ‘జూతా కాట్ రహా హై’ అనే అంటారు. బడికి వెళ్ళే పిల్లల నల్లబూట్లు, పండుగకు కొన్న జోళ్ళు, హజ్ ప్రయాణానికి సిద్ధం చేసుకున్న చెప్పులు ఏవైనా సరే, మొదటి రోజే మడమ మీదనో బొటనవేలి పక్కనో నీటిబుడగ వంటి బొబ్బ లేపవచ్చు. ఆరోగ్యవంతుల విషయంలో అది నాలుగైదు రోజుల బాధ. మధుమేహం ఉన్నవారి విషయంలో అదే బొబ్బ మానని పుండుగా మారి, కాలు తీసివేయవలసిన స్థితికి కూడా తీసుకుపోగలదు. కాబట్టి ఇంట్లో ఎవరి కాలికి చెప్పు కరిచినా కొంచెం శ్రద్ధగా చూడటం అవసరం.

బొబ్బ ఎందుకు లేస్తుంది?

నడుస్తున్నప్పుడు లోపలి ఎముక ముందుకూ వెనుకకూ కదులుతుంది. పైచర్మం మాత్రం బిగుతైన చెప్పుకు అతుక్కుని అక్కడే నిలిచిపోతుంది. ఈ లాగుడు వందలసార్లు జరిగేసరికి చర్మపు పొరల నడుమ చీలిక ఏర్పడి, అందులోకి నీరు ఊరుతుంది. పొడిగా ఉన్న పాదం కంటే తేమగా ఉన్న పాదం చెప్పుకు ఎక్కువగా అంటుకుంటుంది. అందుకే చెమట పట్టిన కాలికీ, తడి మేజోళ్ళు తొడిగిన కాలికీ బొబ్బలు త్వరగా లేస్తాయి.

మన ప్రాంతంలో బడులు తెరవడం, తొలకరి మొదలుకావడం రెండూ జూన్‌లోనే జరుగుతాయి. ఖమ్మం–సూర్యాపేట మార్గంలోని కూసుమంచి వంటి మండల కేంద్రాలకు చుట్టుపక్కల పల్లెల నుండి, తండాల నుండి చదువుకోవడానికి వచ్చే పిల్లలకు కొత్త బూట్లు, వర్షం, నడక ఒకేసారి ఎదురవుతాయి. వర్షాకాలంలో పిల్లల సంచిలో ఇంకొక జత పొడి మేజోళ్ళు పెట్టి, తడిసిన వెంటనే మార్చుకోమని చెప్పాలి.

పెద్దలు గమనించవలసిన విషయం ఒకటుంది. వుజూ చేసి తడికాళ్ళతోనే మేజోళ్ళు, బూట్లు తొడిగి దుకాణానికో కార్యాలయానికో పరుగెత్తడం చాలామందికి అలవాటు. జేబులో ఒక దస్తీ అదనంగా ఉంచుకుని, పాదాలను, ముఖ్యంగా వేళ్ళ సందులను తుడుచుకున్న తరువాతే బూటు తొడగాలి.

లేచిన తరువాత ఏం చేయాలి?

బొబ్బకు ముందు చర్మం ఎర్రబడి, వెచ్చగా మారి, మంట పుడుతుంది. అప్పుడే నడక ఆపి, ఆ చోట ప్లాస్టర్ అంటించి, పాత చెప్పులు తొడిగితే బొబ్బ లేవకుండానే పోవచ్చు.

చిన్న బొబ్బను పగలగొట్టకూడదు. పైపొర అల్లా ఇచ్చిన కట్టు వంటిది. అది ఉన్నంత వరకు సూక్ష్మక్రిములు లోపలికి పోలేవు. శుభ్రమైన గాజుగుడ్డతోనో ప్లాస్టర్‌తోనో కప్పి, కరిచిన చెప్పును కొన్నాళ్ళు పక్కన పెడితే చాలు. నీరు దానంతట అదే ఇంకిపోయి, కింద కొత్త చర్మం వస్తుంది.

బొబ్బ పెద్దదై నడవలేని పరిస్థితి వస్తే, ఆరోగ్య కేంద్రంలో నీరు తీయించుకోవడం మేలు. ఇంట్లోనే తీయక తప్పకపోతే చేతులు సబ్బుతో కడుక్కుని, స్పిరిట్‌తో తుడిచిన కొత్త సూదితో బొబ్బ అంచున చిన్న రంధ్రం చేసి, గాజుగుడ్డతో మెల్లగా ఒత్తాలి. పైపొరను ఒలిచివేయకూడదు. తరువాత కొద్దిగా పెట్రోలియం జెల్లీ రాసి కట్టు కట్టాలి. మధుమేహం ఉన్నవారు, కాళ్ళకు రక్తప్రసరణ సరిగా లేనివారు ఈ పని ఇంట్లో చేయరాదు.

పగిలిన బొబ్బను శుభ్రమైన నీటితో, సబ్బుతో కడిగి కప్పాలి. కట్టును రోజూ మార్చాలి. తడిస్తే వెంటనే మార్చాలి. పసుపు, సున్నం, టూత్‌పేస్టు, కాఫీపొడి, బూడిద వంటివి పూయకండి. పాలేరు కింద వరినాట్లకు వెళ్ళే ఆడవారు, రైతులు పగిలిన బొబ్బతో బురదలో దిగకుండా ఉండాలి. మట్టి చేరిన గాయానికి ధనుర్వాతం ఇంజెక్షన్ అవసరమేమో వైద్యుణ్ణి అడగాలి.

చుట్టూ ఎరుపు వ్యాపించడం, చీము పట్టడం, కాలి మీదుగా ఎర్రని గీత పైకి పాకడం, గజ్జల్లో బిళ్ళ కట్టడం, జ్వరం రావడం వంటి లక్షణాలలో ఏ ఒక్కటి కనిపించినా అదే రోజు వైద్యుని వద్దకు వెళ్ళాలి. 1924లో అమెరికా అధ్యక్షుడు కాల్విన్ కూలిడ్జ్ పదహారేళ్ళ కుమారుడు మేజోళ్ళు లేకుండా బూట్లు తొడిగి టెన్నిస్ ఆడాడు. కాలివేలిపై బొబ్బ లేచింది. దాని ద్వారా క్రిములు రక్తంలో చేరి, వారం రోజులకే, జులై 7న అతడు మరణించాడు. దేశాధ్యక్షుని ఇంట వైద్యులకు కొదువ లేదు. కానీ అప్పటికి పెన్సిలిన్ ఇంకా కనుగొనబడలేదు. నేడు మందులున్నాయి. అవి పనిచేయాలంటే సకాలంలో ఆసుపత్రికి చేరాలి.

కట్టు ఉన్నప్పుడు వుజూ

పాదాలను చీలమండల వరకు కడగడం వుజూలో విధి. పగలని బొబ్బ మీద రుద్దకుండా నీరు పోసుకోవచ్చు. కట్టు కట్టిన గాయానికి నీరు తగిలితే హాని కలుగుతుందనుకున్నప్పుడు, మిగతా పాదాన్ని కడిగి కట్టు మీద తడిచేతితో మసహ్ చేసే సౌలభ్యాన్ని ధర్మవేత్తలు తెలియజేశారు. బొబ్బలోని నీరు గాయాన్ని దాటి పారితే వుజూ భంగమవుతుందని హనఫీ మజ్‌హబ్ చెబుతుంది. మీ పరిస్థితికి ఏది వర్తిస్తుందో దగ్గరలోని ఆలిమ్‌ను అడిగి తెలుసుకోండి. నమాజు పోతుందేమోనన్న భయంతో కట్టు విప్పి, గాయాన్ని పదేపదే తడపవలసిన అగత్యం లేదు.

మధుమేహం ఉన్న ఇంట్లో

రక్తంలో చక్కెర ఏళ్ళ తరబడి ఎక్కువగా ఉంటే పాదాల నరాలు దెబ్బతిని స్పర్శ తగ్గుతుంది. చెప్పులో గులకరాయి ఉన్నా, మేకు గుచ్చుకున్నా వారికి తెలియదు. స్పర్శ తగ్గినవారికి బిగుతు చెప్పే సరిగ్గా సరిపోయినట్లు అనిపిస్తుంది కూడా. బొబ్బ లేచి, పగిలి, చీము పట్టిన తరువాత మేజోడుకు అంటిన తడిని చూసి ఇంట్లోవారు కనుగొనే సందర్భాలు ఉంటాయి. రక్తప్రసరణ తక్కువైతే ఆ పుండు మానదు. నొప్పి లేదు కదా అని ఊరుకోవడమే ఇక్కడ అసలు ప్రమాదం.

మధుమేహం ఉన్నవారు రోజూ పాదాలను పరీక్షించుకోవాలని వైద్యులు చెబుతారు. నమాజు చదివేవారికి ఇందుకు వేరుగా సమయం కేటాయించనవసరం లేదు. రోజుకు ఐదు పూటలా పాదం చేతిలోకి వస్తుంది; వేళ్ళ సందులలో చిటికెనవేలు పోనిచ్చి ఖిలాల్ చేస్తాం. ఆ చేతితోపాటు కళ్ళు కూడా పాదం మీద నిలిపితే సరిపోతుంది. మడమ, అరికాలు, వేళ్ళ సందులు చూడండి. వంగలేని వృద్ధులకు అరికాలి కింద అద్దం పెట్టుకోవడం ఒక మార్గం; కొడుకో, కోడలో, మనవరాలో చూడటం ఇంకా మంచిది. తోలు మోజాలు తొడిగి రోజంతా వాటిపై మసహ్ చేసేవారు, రాత్రి విప్పినప్పుడు తప్పక పాదాలను చూసుకోవాలి. చలికాలంలో వేడినీటిని కాలిపై పోసుకునే ముందు మోచేతితో వేడిని పరీక్షించాలి. కొత్త బొబ్బ కనిపిస్తే, అది ఎంత చిన్నదైనా, వైద్యునికి చూపించాలి. పాదాల స్పర్శ తగ్గినవారికి మెత్తని ఎం.సి.ఆర్. చెప్పుల గురించి కూడా వైద్యుడు చెబుతాడు.

కొనే ముందు, తొడిగే ముందు

నడకతో, నిలబడటంతో పాదాలు సాయంత్రానికి కొంత ఉబ్బుతాయి. కాబట్టి చెప్పులు సాయంత్రం పూట కొనడం మంచిది. రెండు పాదాలకూ, నిలబడి తొడిగి చూడాలి; పెద్దగా ఉన్న పాదాన్నే కొలతగా తీసుకోవాలి. పొడవైన వేలికి ముందు బొటనవేలి వెడల్పు ఖాళీ ఉండాలి. మడమ లోపల జారకూడదు. ‘వాడితే సాగుతుందిలే’ అన్న దుకాణదారుని మాట విని బిగుతుది కొనకండి.

పిల్లల బూట్లు బడి తెరిచే ముందురోజు కాకుండా వారం పది రోజుల ముందే కొని, ఇంట్లో మొదట అరగంట, తరువాత గంట చొప్పున తొడిగించాలి. తోలు చెప్పుల పట్టీలకు లోపలి వైపు కొబ్బరినూనె గాని ఆముదం గాని రాసి రెండు రోజులుంచితే మెత్తబడతాయి. ఇది మన పెద్దలకు తెలిసిన పనే.

హజ్‌కు, ఉమ్రాకు వెళ్ళేవారు రెండు నెలల ముందే చెప్పులు కొని, వాటితో రోజూ నడవాలి. ఇహ్రామ్‌లో పురుషులు మేజోళ్ళు తొడగరాదు గనుక చెప్పు పట్టీ నేరుగా చర్మానికే రాసుకుంటుంది. మినా, అరఫాత్, ముజ్దలిఫాల మధ్య నడక తక్కువేమీ కాదు. హరమ్ ద్వారం వద్ద చెప్పులు వదిలి పోగొట్టుకున్నవారు కాలే నేలపై ఉత్త పాదాలతో నడిచి వేడి బొబ్బలు తెచ్చుకుంటారు. చెప్పులను చిన్న గుడ్డసంచిలో వెంట ఉంచుకోండి. కాలిన పాదంపై ఇరవై నిమిషాలు చల్లని నీరు పారనివ్వాలి, మంచుగడ్డ పెట్టకూడదు.

మీ ఇంట్లో మధుమేహం ఉన్న అమ్మగాని, అబ్బాగాని, నానీగాని ఉంటే, ఈ రోజు ఇషా వుజూ సమయంలో వారి పక్కన కూర్చుని రెండు పాదాలనూ ఒకసారి పరిశీలించండి. వారు రోజూ తొడిగే చెప్పు లోపల చేయి పెట్టి, గుచ్చుకునేదేమైనా ఉందేమో తడిమి చూడండి.