మిలాద్‌కు మూలం లేదంటారా?

రబీఉల్ అవ్వల్ నెలవంక కనపడితే చాలు, ఒక పాత ప్రశ్న మళ్లీ ఫోన్లలో తిరగడం మొదలవుతుంది. ప్రవక్త (స) తన పుట్టినరోజు జరుపుకున్నారా? ఆయన సహచరులు జరిపారా? లేదు కదా, మరి మీరెవరు జరపడానికి? ఇది బిద్అత్, మతంలో కొత్తగా చొప్పించిన పోకడ, క్రిస్మస్‌ను చూసి నేర్చుకున్న వేడుక. చదువుకున్న ముస్లిం కుర్రాళ్లలో చాలామంది నోట ఇప్పుడు ఇదే మాట. నానీ ఇంట్లో మిలాద్ చదివిస్తుంటే మనవడు మొహం తిప్పుకుని బయటికి పోయే దాకా వచ్చింది. ఈ వాదన తప్పు. తప్పని గట్టిగానే చెప్పాలి.

ముందు వాళ్లు ఒప్పుకునే ప్రమాణాలతోనే మాట్లాడుకుందాం. సోమవారం ఉపవాసం గురించి అడిగితే, తాను పుట్టింది ఆ రోజేనని ప్రవక్త బదులిచ్చినట్టు సహీ ముస్లిం హదీసు సంకలనంలో ఉంది. అంటే పుట్టిన రోజును ఆయన పట్టించుకోకుండా వదిలేయలేదు. రంజాన్ రాత్రుల్లో ఎవరికి వారు చదువుకుంటున్న తరావీహ్ నమాజును ఒకే ఇమాం వెనక చేర్చింది ఖలీఫా ఉమర్. ఇది మంచి బిద్అతే అని ఆయనే అన్నారు. మిలాద్‌ను కాదనేవాళ్లు తరచూ చెప్పే పండితుడి పేరు ఇబ్నె తైమియా. ఆయన దీన్ని బిద్అత్ అన్నది నిజమే. అయితే ప్రవక్త మీద ప్రేమతో, మంచి ఉద్దేశంతో చేసేవాడికి పుణ్యం దక్కవచ్చని కూడా ఆయనే రాశారు. మొదటి సగం చెప్పి రెండో సగం దాచడం న్యాయం కాదు.

ఇక క్రిస్మస్ అనుకరణ అనే మాట. మిలాద్ చరిత్ర వెతికితే అది ముస్లిం నగరాల్లోనే కనిపిస్తుంది. మొదట కైరోలో ఫాతిమీ ఖలీఫాల దర్బారులో ఉండేది. ఆ తర్వాత సున్నీల్లో దాన్ని ఊరంతటి పండుగగా చేసి పేరు తెచ్చుకున్నవాడు ఎర్బిల్ పాలకుడు ముజఫ్ఫరుద్దీన్ కోక్‌బూరీ. సలాహుద్దీన్ సోదరిని పెళ్లాడినవాడు, 1233లో చనిపోయాడు. ఆ ఊళ్లోనే పుట్టిన చరిత్రకారుడు ఇబ్నె ఖల్లికాన్ ఆ వేడుకను తీరిగ్గా వర్ణించాడు. చెక్కతో అంతస్తులుగా కట్టిన మండపాలు, చుట్టుపక్కల నగరాల నుంచి వచ్చే పండితులు, సూఫీలు, పాటగాళ్లు, తోలుకొచ్చే ఒంటెలు, ఆవులు, గొర్రెలు, రాత్రిపూట కొవ్వొత్తుల వెలుగులో ఊరేగింపు. విమర్శకులు ఇక్కడితో ఆగి, రాజుగారి ఆర్భాటమని కొట్టిపారేస్తారు. కానీ అదే రచయిత అదే మనిషి గురించి ఇంకా చాలా చెప్పాడు. చూపులేనివారికి, దీర్ఘరోగులకు ఆశ్రయాలు కట్టించాడట. వితంతువులకు ఒక ఇల్లు, అనాథలకు ఒక ఇల్లు. వీధిలో దొరికిన పసికందులకు వేరే ఇల్లు, అందులో పాలిచ్చేందుకు దాదులు. శత్రువుల చేతిలో ఖైదీలైనవాళ్లను సొమ్ము కట్టి విడిపించేవాడట.

ఆ దాదుల దగ్గర కాసేపు ఆగుదాం. ప్రవక్త పుట్టేసరికి తండ్రి అబ్దుల్లా లేడు. హలీమా అనే దాది పాలు తాగి పెరిగాడు. ఆరేళ్లకు తల్లి పోయింది, ఎనిమిదేళ్లకు తాత పోయాడు, ఆ తర్వాత తండ్రి సోదరుడు అబూ తాలిబ్ సాకాడు. ఖురాన్ 93వ సూరాలో అల్లాహ్ ఆయనకు ఆ అనాథతనాన్నే గుర్తుచేసి, అనాథను అణచవద్దని, అడిగేవాణ్ని కసరవద్దని చెబుతాడు. పుట్టుకను తలుచుకోవడానికీ పాలిచ్చే దాదులను పెట్టడానికీ సంబంధం లేదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఎర్బిల్‌లో మండపం కట్టిన చెయ్యే ఆ ఇల్లూ కట్టింది.

మిలాద్ మగవాళ్ల పండుగనే అపోహా పోవాలి. 1409లో బుర్సా పట్టణంలో సులేమాన్ చెలెబీ ప్రవక్త జననాన్ని తుర్కీలో కావ్యంగా రాశాడు. అరబ్బీ రాని ఇళ్లకు కూడా ఆ కథ చేరింది. అందులో ప్రవక్త తల్లి ఆమినాకు నొప్పులు వస్తాయి, దాహం వేస్తుంది, షర్బత్ అందుతుంది, ఒక తెల్లని పక్షి వచ్చి రెక్కతో వీపు నిమురుతుంది. ఆడవాళ్ల సభల్లో ఈ ఘట్టం రాగానే అందరూ లేచి ఒకరి వీపు ఒకరు నిమురుకుంటారు. బిడ్డను కన్న ప్రతి తల్లికీ ఆ గదిలో తన పురిటి నొప్పులు గుర్తొస్తాయి. దీన్ని దండగ అనడానికి మనసెలా ఒప్పుతుందో నాకు అర్థం కాదు.

ఊరేగింపుల్లో డీజేల హోరు మీద వచ్చే విమర్శతో మాత్రం నాకు పేచీ లేదు. హైదరాబాద్ పోలీసులు 2024 అక్టోబరులో మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను నిషేధించారు, మంచిదే. అయితే ఆ హోరును చూపించి మిలాద్‌నే వద్దనేవాళ్లు అదే నగరంలో జరిగిన ఇంకో సంగతి కూడా చూడాలి. 2023లో మిలాద్, గణేశ్ నిమజ్జనం సెప్టెంబరు 28నే వచ్చాయి. మిలాద్ నిర్వాహకులు తమ ఊరేగింపును అక్టోబరు 1కి మార్చుకున్నారు. మరుసటి ఏడూ అలాగే వాయిదా వేసుకున్నారు. పక్కవాడి పండుగకు దారి వదలడం కంటే పెద్ద సీరత్ (ప్రవక్త జీవిత చరిత్ర) పాఠం ఏముంటుంది? తేదీ గురించి పట్టుదల అక్కర్లేదు కూడా. సున్నీలు రబీఉల్ అవ్వల్ 12 అంటారు, షియాలు 17 అంటారు, అల్లామా షిబ్లీ తన సీరత్ గ్రంథంలో 9 వైపు మొగ్గారు.

చివరిగా ఒక ఆక్షేపణ ఉంది. పాతతరం ఈ రోజునే బారా వఫాత్ అనేది. ప్రవక్త కన్నుమూసిన రోజున సంబరమేమిటని అడుగుతారు. సంబరం ఒక్కటే చేయమని ఎవరన్నారు, పుట్టుకా మరణమూ రెండూ చెప్పండి. అరేబియాలో అధిక భాగం తన మాట వింటున్న నాటికి ఆయన కవచం ఒక యూదుడి దగ్గర 30 సా (ధాన్యపు కొలత) బార్లీకి తాకట్టులో ఉంది. బుఖారీలో ఉన్న సంగతే ఇది. ఉర్దూ చదవలేని, తెలుగు మాత్రమే చదివే పిల్లలు మన ఇళ్లలో పెరుగుతున్నారు. ఈ తాకట్టు సంగతీ, హలీమా సంగతీ వాళ్లు వినేది ఎక్కువగా మిలాద్ సభలోనే. ఆ సభ ఎత్తేయమనేవాళ్లు, దాని బదులు ఏ రోజున, ఎవరు, ఏ భాషలో వాళ్లకు ఈ కథ చెబుతారో కూడా చెప్పాలి.