విప్పని పెట్టెకే విలువ

2021 డిసెంబర్‌లో లోగన్ పాల్ అనే అమెరికన్ యూట్యూబ్ తార ఒక అట్టపెట్టె కొన్నాడు. ధర 35 లక్షల డాలర్లు. అప్పటి మారకం రేటులో దాదాపు రూ.26 కోట్లు. అందులో 1999 నాటి పోకెమాన్ తొలి ముద్రణ కార్డుల బాక్సులు ఉన్నాయని, ఇరవయ్యేళ్లకు పైగా ఎవరూ సీలు విప్పలేదని చెప్పారు. 2022 జనవరిలో కెమెరాల ముందు పెట్టె తెరిచారు. లోపల ఉన్నవి జీఐ జో అనే మరో బొమ్మల కార్డులు. పోకెమాన్ కార్డు ఒక్కటి కూడా లేదు.

కథ నవ్వు తెప్పించేదే. కానీ అందులో ఒక చిక్కు ప్రశ్న ఉంది. లోగన్ పాల్ ఆ పెట్టె తెరవకుండా ఇంకొకరికి అమ్మి ఉంటే? వాళ్లు మరొకరికి అమ్మి ఉంటే? అది ఇప్పటికీ కోట్ల రూపాయల పెట్టెగానే చేతులు మారుతూ ఉండేది. లోపల ఏముందో తెలియనంత వరకే దానికి విలువ. సేకరణ కార్డుల వ్యాపారం ఎలాంటి నమ్మకం మీద నిలబడిందో ఇంతకంటే బాగా చెప్పే ఉదాహరణ దొరకదు.

పేకాట తెలిసిన తెలుగు పాఠకుడికి ఈ వ్యాపారం ఒక పట్టాన బోధపడదు. రమ్మీలో ముక్కల కట్ట అందరికీ ఉమ్మడి. ఎవరి చేతికి ఏ ముక్క వస్తుందన్నదే తేడా. 1993 ఆగస్టులో అమెరికాలో విడుదలైన 'మ్యాజిక్: ద గ్యాదరింగ్' ఈ పద్ధతిని తలకిందులు చేసింది. అందులో ఎవరి కట్ట వాళ్లే తెచ్చుకోవాలి. వందల రకాల కార్డుల్లోంచి తనకు నచ్చినవి ఏరి, తన ఎత్తుగడకు తగ్గట్టు డెక్ కూర్చుకుని, ఎదుటివాడి డెక్‌తో తలపడాలి. దీన్ని రూపొందించిన రిచర్డ్ గార్‌ఫీల్డ్ గణితంలో డాక్టరేట్ చేసిన మనిషి. ప్రచురించిన విజార్డ్స్ ఆఫ్ ద కోస్ట్ అప్పటికి వాషింగ్టన్ రాష్ట్రంలో ఒక చిన్న కంపెనీ. దాని కేంద్రమైన రెంటన్, తెలుగు ఇంజనీర్లు పెద్ద సంఖ్యలో స్థిరపడిన రెడ్‌మండ్‌కు కారులో కాసేపటి దూరం.

'ఆల్ఫా' అని పిలిచే తొలి ముద్రణలో వేసినవి 26 లక్షల కార్డులు. అరుదైన రకం కార్డు ఒక్కొక్కటీ దాదాపు 1,100 ప్రతులు మాత్రమే. అవి చూస్తుండగానే అమ్ముడుపోయాయి. అదే ఏడాది అక్టోబర్‌లో వచ్చిన 'బీటా' ముద్రణ 73 లక్షల కార్డులూ అంతే. పిల్లలు, కాలేజీ కుర్రాళ్లు వాటిని తొడుగులు లేకుండా కలిపారు, బల్లల మీద విసిరారు, జేబుల్లో కుక్కారు. ఆట తొలి నియమాల్లో పందెం కూడా ఉండేది. ఓడినవాడు ఒక కార్డు వదులుకోవాలి. ఆ రోజుల్లో బ్లాక్ లోటస్ అనే కార్డును కూడా అలాగే వాడిపారేశారు. మచ్చ లేకుండా మిగిలిన ఆల్ఫా బ్లాక్ లోటస్ ఒకటి 2021 జనవరిలో వేలంలో 5 లక్షల డాలర్లు దాటింది.

ఈ కార్డులు అమ్మే పద్ధతిలోనే అసలు వివాదం ఉంది. బూస్టర్ అనే చిన్న కవరులో ఏ కార్డులు ఉన్నాయో కొనేవాడికి తెలియదు. కావలసింది దొరకాలంటే ఒకదాని తర్వాత ఒకటి కొంటూ పోవాలి. ఇది జూదం కాదా అని అమెరికాలో తల్లిదండ్రులు 1999లోనే కోర్టుకెక్కారు. రమ్మీ ప్రధానంగా నైపుణ్యంతో ఆడే ఆట అని మన సుప్రీంకోర్టు 1968లో ఆంధ్రప్రదేశ్‌కు చెందిన ఒక కేసులో తేల్చింది. కార్డుల ఆటల్లో వచ్చిన చిక్కేమిటంటే, ఆటలో నైపుణ్యం ఎంత ఉన్నా కొనుగోలులో ఉన్నది అదృష్టమే.

ఆ విమర్శకు సూటి సమాధానం ముందే కూర్చిన డెక్. 1997లో 'టెంపెస్ట్' సంచికతో పాటు మ్యాజిక్‌లో థీమ్ డెక్‌లు వచ్చాయి. పెట్టెలో 60 కార్డులు. ఏవేవి ఉంటాయో ముందే ఖరారు. అమలాపురం కుర్రాడు కొన్నా, అమెరికా కుర్రాడు కొన్నా లోపల ఉండేవి అవే. పెట్టె తెరిచి వెంటనే ఆడుకోవచ్చు. ఇంగ్లిష్‌లో పోకెమాన్ కార్డులు 1999లో వచ్చినప్పుడు కూడా ఇదే బాట పట్టారు. ఓవర్‌గ్రోత్, జాప్, బ్లాకవుట్, బ్రష్‌ఫైర్ అని నాలుగు డెక్‌లు. ప్రతిదానిలో ఒక మెరుపు కార్డు. జాప్ కొంటే మ్యూటూ, బ్రష్‌ఫైర్ కొంటే నైన్‌టేల్స్ ఖాయం. 2002లో అమెరికా మార్కెట్‌కు వచ్చిన యూ-గి-ఓ సైతం యూగి, కైబా పేర్లతో రెండు స్టార్టర్ డెక్‌లు పెట్టింది. మొత్తం వ్యాపారంలో పారదర్శకంగా ఉన్న సరుకు ఇదొక్కటే.

విచిత్రం ఏమిటంటే, లోపల ఏముందో అందరికీ తెలిసిన ఈ పెట్టెలకు కూడా ఇప్పుడు సీలు విప్పకపోతేనే ధర. రహస్యం లేనప్పుడు సీలు దేనికి? కార్డు స్థితికి అది పూచీ కాబట్టి. గ్రేడింగ్ కంపెనీలు కార్డు అంచులు, మూలలు, ఉపరితలం, ముద్రణ మధ్యకు వచ్చిందా లేదా అన్నది చూసి పదికి మార్కులు వేస్తాయి. తొమ్మిదికీ పదికీ మధ్య ధర చాలాసార్లు కొన్ని రెట్లు మారుతుంది. కోవిడ్ రోజుల్లో ఈ పిచ్చి ఎంత ముదిరిందంటే, ప్రధాన గ్రేడింగ్ సంస్థ పీఎస్ఏ పేరుకుపోయిన కార్డులు తెమలక 2021 మార్చిలో చాలా సేవలు నిలిపేసింది. మే నెలలో విస్కాన్సిన్‌లో ఒక దుకాణం బయట కార్డుల కోసం కొట్లాట జరిగాక, టార్గెట్ గొలుసు దుకాణాలు కొన్నాళ్లు వీటి అమ్మకమే మానేశాయి.

పాతబడితే చాలు విలువ వస్తుందనుకోవడం మాత్రం పొరపాటు. 1999 నాటి పోకెమాన్ ఇద్దరు ఆటగాళ్ల స్టార్టర్ సెట్‌లో మచాంప్ అనే మెరుపు కార్డు ఉండేది. దాని మీద 'ఫస్ట్ ఎడిషన్' ముద్ర ఉంటుంది. ఆ ముద్ర చూసి అటక మీద నిధి దొరికిందని సంబరపడినవాళ్లు ఎందరో. కానీ ఆ కార్డు ప్రతి సెట్‌లోనూ ఉంది. సెట్ మళ్లీ ముద్రించినప్పుడు కూడా ముద్ర అలాగే ఉంచారు. అందుకే అదే తరం చారిజార్డ్ లక్షలు పలుకుతుంటే మచాంప్ మామూలు ధరకు దొరుకుతుంది. కొరత లేని చోట ముద్ర ఒక్కటే ఏం చేస్తుంది?

ఇక ఈ రంగంలో అన్నిటికంటే తమాషా అయినవి బంగారు అంచు డెక్‌లు. 1996లో న్యూయార్క్‌లో జరిగిన తొలి ప్రో టూర్ పోటీలో గెలిచిన డెక్‌లను విజార్డ్స్ కంపెనీ తనే నకళ్లుగా ముద్రించి అమ్మింది. 1997 నుంచి 2004 దాకా ఏటా ప్రపంచ చాంపియన్‌షిప్ డెక్‌లను నాలుగేసి చొప్పున ఇలాగే వేసింది. 1999లో యొకొహామాలో గెలిచిన కై బుడ్డె, 2000లో బ్రసెల్స్‌లో గెలిచిన జాన్ ఫింకెల్, 2004లో పదిహేనేళ్లకే ప్రపంచ విజేత అయిన జూలియన్ నైటెన్ వాడిన డెక్‌లు అచ్చం అవే కార్డులతో దొరికేవి. అసలు కార్డులతో కలిసిపోకుండా అంచు బంగారు రంగులో వేశారు, వెనక బొమ్మ మార్చారు, ముందువైపు ఆటగాడి సంతకం అచ్చేశారు. అధికారిక పోటీల్లో ఇవి చెల్లవు. గొప్ప ఆటగాళ్ల ఆటను ఇంట్లో కూర్చుని నేర్చుకోవడానికి మాత్రమే. అందుకే అప్పట్లో వీటిని పట్టించుకున్నవాళ్లు తక్కువ. దుకాణాల్లో దుమ్ము పట్టి, చివరికి రాయితీలకు పోయాయి.

తర్వాత రెండు పరిణామాలు వీటి జాతకం మార్చాయి. మొదటిది కంపెనీ ఇచ్చిన ఒక మాట. 1995లో 'క్రానికల్స్' పేరిట పాత కార్డులు మళ్లీ వేయడంతో, డబ్బు పెట్టి దాచుకున్నవాళ్లు భగ్గుమన్నారు. వాళ్లను శాంతింపజేయడానికి 1996లో 'రిజర్వ్‌డ్ లిస్ట్' ప్రకటించారు. అందులోని కార్డులను ఇక ఎప్పటికీ మళ్లీ ముద్రించబోమన్నది హామీ. ఆ జాబితాలో ఇప్పుడు 570కి పైగా కార్డులు ఉన్నాయి. మెరుపు ముద్రణకు హామీ వర్తించదన్న సందు అడ్డం పెట్టుకుని 2010లో ఫిరెక్సియన్ నెగేటర్ అనే కార్డును ఒక తయారీ డెక్‌లోనే మళ్లీ వేశారు. గొడవ లేవడంతో అదే ఏడాది ఆ సందు కూడా మూసేశారు.

రెండోది కమాండర్ అనే ఆట తీరు. వంద కార్డుల డెక్, నలుగురు మిత్రులు, ఒక బల్ల. పోటీ నిర్వాహకుడు ఉండడు కాబట్టి బంగారు అంచు కార్డు వాడినా అభ్యంతరం చెప్పేవాళ్లు అంతగా ఉండరు. గేయాస్ క్రేడిల్ అనే 1998 నాటి కార్డు రిజర్వ్‌డ్ లిస్ట్‌లో ఉంది. అసలుది ఇటీవలి సంవత్సరాల్లో వెయ్యి డాలర్ల దరిదాపులకు చేరింది. దాంతో 1999 చాంపియన్‌షిప్ డెక్‌లో వచ్చిన దాని నకలుకు గిరాకీ పుట్టి, ధర వందల డాలర్లకు ఎగబాకింది. కంపెనీ స్వయంగా 'ఇది చెల్లదు' అని అచ్చేసి ఇచ్చిన కాగితం ముక్క ఇంత పలకడం మరే వ్యాపారంలోనూ చూడం.

ఇక్కడే అసలు నష్టం ఎవరికన్నది తేటపడుతుంది. రిజర్వ్‌డ్ లిస్ట్ హామీ దాచుకున్నవాడిని కాపాడింది. ఆడాలనుకున్నవాడిని బయట నిలబెట్టింది. పాత కార్డులన్నీ అనుమతించే వింటేజ్ పోటీలో ఇవాళ ఒక విద్యార్థి అడుగుపెట్టాలంటే డెక్‌కే లక్షల రూపాయలు కావాలి. ఆడేవాళ్లు తగ్గితే పోటీలు తగ్గుతాయి. పోటీలు తగ్గితే ఆ కార్డు ఎందుకు గొప్పదో తెలిసినవాళ్లు తగ్గుతారు. దాచుకున్నవాడి ఆస్తికి పునాది ఆడేవాడి మోజే. ఆ మోజును చంపి ఆస్తిని నిలబెట్టడం ఎంతకాలం సాధ్యం?

కంపెనీలకు ఈ సంగతి తెలియక కాదు. 1999లో విజార్డ్స్‌ను కొన్న హాస్‌బ్రో వాటాదారులకు జవాబు చెప్పుకోవాలి. 2022లో మ్యాజిక్ ముప్ఫయ్యేళ్ల పేరుతో 60 కార్డుల పెట్టెను 999 డాలర్లకు అమ్మకానికి పెట్టారు. అందులోవి కూడా పోటీల్లో చెల్లని కార్డులే. ఒకప్పుడు అభిమానులు నేర్చుకోవడానికి చవగ్గా ఇచ్చిన సరుకు లాంటిదే ఈసారి వెయ్యి డాలర్లు. ఆటగాళ్లు దుమ్మెత్తిపోశారు. అదే నవంబర్‌లో బ్యాంక్ ఆఫ్ అమెరికా విశ్లేషకులు, కార్డులు మితిమీరి ముద్రించి బ్రాండ్ విలువ పోగొట్టుకుంటున్నారంటూ హాస్‌బ్రో షేరు రేటింగ్ తగ్గించారు. పోకెమాన్ సంగతి చూస్తే, కంపెనీ లెక్క ప్రకారమే 2024 మార్చి నాటికి ప్రపంచమంతటా కలిపి ముద్రించిన కార్డులు 6,400 కోట్లు దాటాయి.

ఈ అంకెను డబ్బు పెట్టేవాళ్లు గుర్తు పెట్టుకోవాలి. 1993 డెక్‌కో 1999 డెక్‌కో ఇవాళ ధర ఉందంటే కారణం, అప్పట్లో వాటిని ఎవరూ దాచుకోలేదు. ఆడి, అరగదీసి, పారేశారు. మిగిలినవి కొన్నే. ఇవాళ విడుదలయ్యే ప్రతి పెట్టెనూ వేలమంది ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి అల్మారాలో దాస్తున్నారు. అందరూ దాచిన వస్తువుకు ఇరవయ్యేళ్ల తర్వాత కొరత ఎక్కడి నుంచి వస్తుంది? అమెరికాలో 1980ల చివర, 1990ల మొదట్లో బేస్‌బాల్ కార్డులకు సరిగ్గా ఇదే జరిగింది. పిల్లల కాలేజీ ఫీజులకు పనికొస్తాయని దాచిన పెట్టెలు ఇప్పుడు కొనేవాళ్లు లేక పడి ఉన్నాయి.

పాత డెక్ ఒకటి ఇంట్లో ఉన్నవాళ్లు రెండు విషయాలు చూసుకుంటే చాలు. అది ఏ ముద్రణ, అందులో మళ్లీ వేయబోమన్న కార్డు ఏదైనా ఉందా అన్నది ఒకటి. ప్లాస్టిక్ పొర కంపెనీదా, తర్వాత ఎవరో చుట్టిందా అన్నది రెండోది. లోగన్ పాల్ పెట్టె రెండో పరీక్షలోనే తప్పింది. ఇక కొత్త డెక్ కావాలని పిల్లవాడు అడిగితే, కొనిచ్చి సీలు విప్పమనడమే మంచిది. తయారీ డెక్‌ను కనిపెట్టింది పెట్టె తెరిచిన అయిదు నిమిషాల్లో ఇద్దరు కూర్చుని ఆడుకోవడానికే.