థోర్ బొజ్జ కల్పితం కాదు



'గాడ్ ఆఫ్ వార్: రాగ్నరాక్' వీడియో ఆటలో దేవుడు థోర్‌ను బొజ్జవాడిగా, తాగుబోతుగా చూపి నార్స్ పురాణాన్ని అవమానించారని గత సంచికలో మీ వ్యాసకర్త రాశారు. ఆయన సమర్థిస్తున్నది పురాణంలోని థోర్‌ను కాదు, 1962లో మార్వెల్ కామిక్స్ మొదలుపెట్టిన థోర్‌ను. పాత ఐస్‌లాండ్ గాథల్లో అతనిది ఎర్ర గడ్డం, అంతులేని ఆకలి. రాక్షసుడు థ్రిమ్ దొంగిలించిన తన సుత్తిని తిరిగి తెచ్చుకోవడానికి పెళ్లికూతురి వేషంలో అతని ఇంటికి వెళ్లి, విందులో ఒక ఎద్దును, ఎనిమిది సాల్మన్ చేపలను ఒక్కడే తినేసి, తేనెతో చేసిన మద్యం బానలకొద్దీ తాగుతాడు. అది చూసి పెళ్లికొడుకే బిత్తరపోతాడు. ఆటలోని బొజ్జ ఆ విందుకు తగినదే.

వ్యాసకర్త లోకీని థోర్ తమ్ముడనడం ఇంకా పెద్ద పొరపాటు. పాత నార్స్ గ్రంథాలైన ఎడ్డాల ప్రకారం లోకీ రాక్షసుడు ఫార్‌బౌటీ కొడుకు, థోర్ తండ్రి ఓడిన్‌తో రక్తం కలిపి సోదరుడైనవాడు. తల్లి పేరు లౌఫీ. ఆట లోకీ తండ్రిని మార్చి తన కథానాయకుడు క్రేటోస్‌ను పెట్టినా తల్లి పేరు మాత్రం అలాగే ఉంచింది. ఆటలో మాట్లాడే మీమిర్ తల కూడా పాత కథలోదే: శత్రువులు నరికి పంపితే, ఓడిన్ మూలికలు పూసి దాన్ని బతికించుకుని సలహాలు అడుగుతాడు.

తప్పు పట్టాలంటే ముగింపును పట్టాలి. పురాణంలో థోర్ మహాసర్పాన్ని చంపి, దాని విషానికి తొమ్మిది అడుగులు వేసి కూలిపోతాడు. ఆటలో తండ్రి ఓడిన్ చేతిలోనే చస్తాడు. ఇంత పెద్ద మార్పు గురించి వ్యాసంలో ఒక్క మాటైనా లేదు.

— ఒక పాఠకుడు, కాకినాడ