పని చేతిలో ఉంటే చాలదు... కాగితం మీదా ఉండాలి!

విదేశం అనగానే మన ఇళ్లలో రెండే బొమ్మలు కళ్ల ముందు కదులుతాయి. ఒకటి, సూట్‌కేసు మీద పెద్దక్షరాలతో పేరు రాయించుకుని అమెరికా విమానం ఎక్కే సాఫ్ట్‌వేర్‌ అబ్బాయి. రెండోది, అట్టపెట్టెకు నైలాను తాడు బిగించుకుని దుబాయ్‌ నుంచి దిగే నడివయసు మనిషి. మొదటి అబ్బాయి అక్కడే ఇల్లు కొనుక్కుంటాడు. రెండో ఆయన ఎన్నేళ్లు చేసినా చివరికి తిరిగి రావలసిందే. ఈ రెండింటికీ మధ్య మూడో దారి ఒకటుంది. ఎలక్ట్రీషియన్‌గానో, వెల్డర్‌గానో, ఫిట్టర్‌గానో వెళ్లి, భార్యాబిడ్డలతో సహా అక్కడే స్థిరపడే దారి. అమెరికా సంబంధాల గురించి గంటలు గంటలు మాట్లాడుకునే మనం ఈ దారి గురించి మాట్లాడుకునేది మాత్రం తక్కువ.

ఈ దారి గురించి తెలియాల్సిన ఊళ్లలో ఏటూరునాగారం ఒకటి. గోదావరి ఒడ్డు, చుట్టూ అభయారణ్యం, ఐటీడీఏ కార్యాలయం. మొన్నమొన్నటిదాకా వరంగల్‌ జిల్లా. 2016లో భూపాలపల్లి జిల్లాలోకి, 2019లో ములుగు జిల్లాలోకి మారింది. దగ్గర్లోని కమలాపురంలో రేయాన్‌ గుజ్జు తయారుచేసే బిల్ట్‌ ఫ్యాక్టరీ ఉండేది. చుట్టుపక్కల మండలాలకు అదే పెద్ద దిక్కు. 2014లో అందులో ఉత్పత్తి ఆగిపోయింది. ఫిట్టర్లు, ఎలక్ట్రీషియన్లు, బాయిలర్‌ దగ్గర పనిచేసేవాళ్లు... ఏళ్ల తరబడి యంత్రాలతో కాపురం చేసిన చేతులు ఒక్కసారిగా ఖాళీ అయ్యాయి. పని తెలిసిన మనిషికి పని లేకపోవడం కంటే పెద్ద శిక్ష ఏముంటుంది?

అలాంటి ఇంట్లో ఒక కుర్రాడు ఉన్నాడనుకోండి. తండ్రి ఫిట్టరు. కొడుకు ఐటీఐ చదివాడు. మోటారు చప్పుడు వినగానే బేరింగు పోయిందో, వైండింగు కాలిందో చెప్పేస్తాడు. మరి ఇతను కెనడాలోనో, ఆస్ట్రేలియాలోనో, జర్మనీలోనో శాశ్వతంగా స్థిరపడగలడా? పడగలడు. కానీ ఆ దేశాలు ముందుగా అతని చేతిని చూడవు. అతని ఫైలును చూస్తాయి. ఈ వారం అసలు విషయం ఇదే.

తేడా ఎక్కడుందో చూడండి. 2024లో ఇజ్రాయెల్‌లో భవన నిర్మాణ పనులకు మనవాళ్లను తీసుకోవడానికి హైదరాబాద్‌లో ఎంపికలు జరిగాయి. సెంట్రింగ్‌ వడ్రంగులు, ఇనుప కడ్డీలు వంచేవాళ్లు, టైల్స్‌ పరిచేవాళ్లు. అక్కడ పని చేసి చూపించమన్నారు. చేసి చూపించినవాళ్లను తీసుకున్నారు. గల్ఫ్‌ దేశాల్లోనూ దాదాపు ఇదే పద్ధతి. చేతిలో పనుంటే చాలు. కానీ ఆ ఒప్పందాలన్నీ గడువుతో ముడిపడినవి. గడువు తీరితే పెట్టె సర్దుకోవాలి. మనిషిని కొన్నాళ్లకు అరువు తెచ్చుకునే దేశం పనిని మాత్రమే పరీక్షిస్తుంది. మనిషిని తనవాడిగా కలుపుకోవాలనుకునే దేశం అతని చరిత్ర మొత్తం అడుగుతుంది. పిల్లనిచ్చేవాళ్లు ఏడు తరాలు ఆరా తీసినట్టన్నమాట!

కెనడా సంగతి చూద్దాం. వృత్తి పనివాళ్ల కోసమే ఆ దేశం 2013లో ఒక ప్రత్యేక పథకం మొదలుపెట్టింది. 2015 నుంచి అది ఎక్స్‌ప్రెస్‌ ఎంట్రీ అనే పాయింట్ల పద్ధతిలో కలిసింది. విశేషం ఏమిటంటే, ఈ పథకం కింద ఇంత చదువుండాలన్న నిబంధన లేదు. ఇంగ్లిషు కూడా గొంతుమీద కత్తి పెట్టినంత కాదు. ఐఈఎల్‌టీఎస్‌లో వినడానికీ మాట్లాడటానికీ 5, రాయడానికి 4, చదవడానికి 3.5 వస్తే అర్హత దక్కుతుంది. మరి చిక్కు ఎక్కడ? గడిచిన ఐదేళ్లలో కనీసం రెండేళ్లు ఆ పనే చేసినట్టు రుజువు చూపాలి. లెక్క కట్టి చెప్పాలంటే 3,120 గంటలు. దానికి తోడు, కనీసం ఏడాదిపాటు ఉద్యోగం ఇస్తామన్న అక్కడి యజమాని మాటో, అక్కడి ఏదైనా రాష్ట్రం ఇచ్చే వృత్తి అర్హత పత్రమో ఉండాలి. ఆ పత్రం కావాలంటే వాళ్ల పరీక్ష నెగ్గాలి. చాలామంది ఆగిపోయేది ఈ గడప దగ్గరే. అర్హత దాటాక కూడా పాయింట్ల పోటీ ఉంటుంది. ముప్పై నిండినప్పటి నుంచి వయసు పాయింట్లు ఏటా తరుగుతుంటాయి.

ఆస్ట్రేలియా పద్ధతి వేరు. వీసాకు ముందే మీ నైపుణ్యాన్ని వాళ్ల సంస్థలు అంచనా కట్టాలి. మన దేశం నుంచి వెళ్లే ఎలక్ట్రీషియన్లు, ప్లంబర్ల వంటివాళ్లకు మొదట కాగితాల పరిశీలన, తర్వాత ఇంటర్వ్యూ లేదా చేతిపని పరీక్ష ఉంటాయి. పాయింట్ల పద్ధతిలో శాశ్వత నివాసం కోరితే 45 ఏళ్లలోపు ఉండాలి, కనీసం 65 పాయింట్లు రావాలి, ఐఈఎల్‌టీఎస్‌లో అన్ని విభాగాల్లోనూ 6 తగ్గకూడదు. ఇంత చేసి అక్కడ దిగినా ఎలక్ట్రీషియన్‌ మర్నాడే వైరు ముట్టుకోవడానికి లేదు. అక్కడి నిబంధనల మీద శిక్షణ తీసుకుని, లైసెన్సున్న వాళ్ల పర్యవేక్షణలో కొన్నాళ్లు పనిచేసి, అప్పుడు తన లైసెన్సు తెచ్చుకోవాలి. మొదటి ఏడాది చేతికొచ్చే జీతం ఊళ్లో అనుకున్నంత ఉండకపోవడానికి ఇదొక కారణం.

జర్మనీ ఈమధ్య తలుపులు బాగా తెరిచింది. 2020లో నిపుణుల వలస చట్టం అమల్లోకి వచ్చింది. 2023, 2024లో దాన్ని ఇంకా సడలించారు. ఉద్యోగం వెతుక్కోవడానికి వీలుగా 2024 జూన్‌లో అవకాశ కార్డు పెట్టారు. భారతీయ నిపుణులకు ఏటా ఇచ్చే వీసాలను 20 వేల నుంచి 90 వేలకు పెంచుతామని అదే ఏడాది అక్టోబరులో ప్రకటించారు. గుర్తింపు పొందిన నిపుణులకు, భాషా మిగతా షరతులూ తీరితే, మూడేళ్లకే శాశ్వత నివాసం అడిగే వీలుంది. అయితే జర్మన్‌ నేర్వక తప్పదు. ఇంకో మెలిక కూడా ఉంది. అక్కడి నిబంధనల్లో పదేపదే కనిపించే మాట, ప్రభుత్వం గుర్తించిన కనీసం రెండేళ్ల శిక్షణ.

ఇక్కడే తల్లిదండ్రులు ఒక్క నిమిషం ఆగాలి. మన ఐటీఐల్లో ఎలక్ట్రీషియన్‌, ఫిట్టర్‌ రెండేళ్ల కోర్సులు. వెల్డర్‌, ప్లంబర్‌ ఏడాది కోర్సులు. ‘ఏడాదిలో అయిపోతుంది కదా, తొందరగా సంపాదనలో పడతాడు’ అని మనం చేర్పించే కోర్సు, పదేళ్ల తర్వాత పిల్లాడి దారికి అడ్డం పడొచ్చు. వెల్డింగ్‌ తక్కువదని కాదు. మంచి వెల్డరుకు ఏ దేశంలోనైనా గిరాకీయే. కానీ స్థిరపడాలన్న ఆలోచన ఉంటే ఆ ఏడాది మీద అప్రెంటిస్‌షిప్పు కూడా చేయించడం మంచిది. 1961 నాటి అప్రెంటిస్‌ చట్టం కింద జాతీయ సర్టిఫికెట్టు వస్తుంది. సింగరేణి వంటి సంస్థలు అప్రెంటిస్‌లను తీసుకుంటూనే ఉన్నాయి. ఏటూరునాగారం నుంచి భూపాలపల్లి గనులెంతో దూరం కాదు కదా.

సర్టిఫికెట్టు ఒక్కటే కాదు, అనుభవానికీ రుజువుండాలి. మన దగ్గర అసలు లోపం ఇదే. మేస్త్రీ చేతికి శనివారం సాయంత్రం నోట్లు లెక్కపెట్టి ఇస్తాడు. రసీదు ఉండదు, జీతం చిట్టా ఉండదు. పదిహేనేళ్లు పనిచేసిన మనిషి పరాయి దేశపు ఆఫీసరు ముందు పదిహేను రోజుల అనుభవం కూడా చూపించలేడు. కాబట్టి, రేపు వెళ్లినా వెళ్లకపోయినా, ఈ రోజు నుంచే కొన్ని అలవాటు చేసుకోవాలి.

జీతం వీలైనంతవరకు బ్యాంకు ఖాతాలో పడేలా చూసుకోండి. పీఎఫ్‌ ఉంటే ఆ నంబరు, పాస్‌బుక్కు జాగ్రత్త. ఫ్యాక్టరీ మూతపడినా పీఎఫ్‌ లెక్క మిగిలే ఉంటుంది. మానేసిన ప్రతిచోటా లెటర్‌హెడ్‌ మీద అనుభవ పత్రం అడగండి. ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, వారానికి ఎన్ని గంటలు, ఏ పనులు చేశారు... ఇవన్నీ అందులో ఉండాలి. ‘మంచివాడు, బుద్ధిమంతుడు’ అని రాసిస్తే అది పెళ్లి సంబంధాలకు పనికొస్తుంది, వీసాకు కాదు! సంస్థ నడుస్తుండగానే ఈ పత్రం తీసుకోవాలి. గేటుకు తాళం పడ్డాక సంతకం పెట్టే మనిషి ఎక్కడ దొరుకుతాడు? పని చేస్తున్నప్పటి ఫొటోలు, చిన్న వీడియోలు కూడా దాచుకోండి. నైపుణ్యం అంచనా వేసేటప్పుడు వాటినీ చూస్తారు. ఇప్పటికే గల్ఫ్‌లో ఉన్నవాళ్లకూ ఇదే మాట. అక్కడి అనుభవం కూడా లెక్కకొస్తుంది. వచ్చేముందు సర్వీసు సర్టిఫికెట్టు తీసుకోకుండా విమానం ఎక్కొద్దు.

పేరు సంగతి మరీ ముఖ్యం. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ముందు, పాస్‌పోర్టులో వెనక, ఐటీఐ సర్టిఫికెట్టులో పొడి అక్షరం! మనకు ముగ్గురూ ఒక్కడే. పరాయి దేశపు ఆఫీసరుకు ముగ్గురూ ముగ్గురే. అన్నింటిలోనూ ఒకే పేరు, ఒకే పుట్టినతేదీ ఉండేలా ముందే సరిచేయించుకోవాలి.

ఐటీఐ మెట్టు ఎక్కకుండా పని నేర్చినవాళ్ల సంగతేమిటి? వాళ్లకూ దారి మూసుకుపోలేదు. అనుభవం ఉన్నవాళ్లు ప్రైవేటు అభ్యర్థులుగా ఆలిండియా ట్రేడ్‌ టెస్ట్‌ రాసే వీలుంది. హైదరాబాద్‌లో 1998లో ఏర్పాటైన న్యాక్‌, అంటే జాతీయ నిర్మాణ అకాడమీ, తాపీపని మొదలు ప్లంబింగ్‌ దాకా శిక్షణలు ఇస్తోంది. దగ్గర్లోని ఐటీఐలో అడిగితే మొదటి అడుగు తెలుస్తుంది.

ఇక ఏజెంట్లు. ‘కెనడా పీఆర్‌ గ్యారంటీ’ అన్న బోర్డు కనిపిస్తే అక్కడి నుంచి రెండడుగులు వెనక్కి వేయండి. పీఆర్‌ ఇచ్చేది ఆ దేశపు ప్రభుత్వమే. గ్యారంటీ ఇచ్చే అధికారం ఇంకెవరికీ లేదు. మన 1983 వలస చట్టం కింద విదేశీ ఉద్యోగాలకు మనుషుల్ని పంపే ఏజెంటుకు లైసెన్సు ఉండాలి. ఆ జాబితా కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్‌ వెబ్‌సైట్‌లో ఉంటుంది. అతను తీసుకోగల సర్వీసు చార్జీ 30 వేల రూపాయలు, దానిపై జీఎస్‌టీ. అంతకు మించి అడిగితే అనుమానించాల్సిందే. తెలంగాణ ప్రభుత్వానికి టామ్‌కామ్‌ అనే సొంత సంస్థ ఉంది. ముందు అక్కడ అడగడం మేలు. ఏజెన్సీ ప్రాంతంలో 1/70 ఉండబట్టి భూమి అంత తేలిగ్గా చేతులు మారదు. దాంతో చాలాసార్లు అమ్మ మెడలో బంగారం తాకట్టుకు వెళుతుంది. ఆ బంగారం ఎవరి చేతికి వెళుతోందో తెలుసుకునే హక్కు అమ్మకుంది.

పందొమ్మిదో శతాబ్దంలో మారిషస్‌కు, దక్షిణాఫ్రికాకు మన తెలుగువాళ్లు కూలీలుగా ఓడలెక్కారు. చదవడం రాని ఒప్పంద పత్రం మీద వేలిముద్ర వేసి వెళ్లారు. అగ్రిమెంటు అన్న మాటే కూలీల నోట్లో నలిగి గిర్మిట్‌ అయింది. అందులో చాలామంది తిరిగి రాలేదు. మారిషస్‌లో వాళ్ల మనవలు ఇప్పటికీ ఉగాది చేసుకుంటున్నారు. ఆనాడు కాగితం వాళ్ల చేతుల్ని కట్టేసింది. ఈనాడు అదే కాగితం మన పిల్లల చేతులకు విలువ కడుతోంది. అందులో ఏం రాసుందో చదువుకుని సంతకం పెట్టే వీలు మనకుంది. అదే తేడా.

పీఆర్‌ వచ్చినంత మాత్రాన భారత పౌరసత్వం పోదు. ఆ దేశపు పౌరసత్వం తీసుకుంటేనే పోతుంది, మన దగ్గర ద్వంద్వ పౌరసత్వం లేదు కాబట్టి. ఆ తర్వాత ఓసీఐ కార్డు తీసుకుని వచ్చిపోవచ్చు గానీ ఓటుండదు, వ్యవసాయ భూమి కొనడానికి ఉండదు. ఇవన్నీ ఇంటిల్లిపాదీ కూర్చుని మాట్లాడుకోవాల్సిన సంగతులు. వెళ్లడమా, మానడమా అన్నది మీ ఇంటి నిర్ణయం. దూరపు కొండలు నునుపన్న మాట కెనడా కొండలకూ వర్తిస్తుంది.

అయితే వెళ్లినా ఉన్నా పోనిది ఒకటుంది. ఆ ఫైలు. అనుభవ పత్రం ఉన్న ఎలక్ట్రీషియన్‌కు మణుగూరులోనూ, హైదరాబాద్‌లోనూ గౌరవమే. ఈ ఆదివారం అన్నం తిన్నాక ఇనపపెట్టె తెరిచి, మీ ఇంట్లో పనిచేసే చేతులకు ఏ కాగితాలున్నాయో ఒకసారి చూడండి. లేని వాటి జాబితా రాయండి. సోమవారం ఆఫీసులు తెరుస్తారు.