పక్షులు, పశువులు, పశులకాపరులు

ప్రపంచంలో చూడదగిన వన్యప్రాణి క్షేత్రాలు ఏవని అడిగితే మన విద్యార్థులు తడుముకోకుండా పది పేర్లు చెప్పగలరు. ఆఫ్రికాలో సెరెంగెటీ, పసిఫిక్ మహాసముద్రంలో గాలపాగోస్ దీవులు, మన దేశంలో కజిరంగా, భరత్‌పూర్. ఏ క్షేత్రంలో ఏ జంతువు కనబడుతుందో, ఏ మాసంలో పోవాలో కూడా వారికి తెలుసు. కాని ఆ జంతువుల సరసన తరతరాలుగా బ్రతికిన మనుష్యులు ఎవరు, వారిప్పుడు ఏమైనారు అని అడిగితే సమాధానం రాదు. ఈ ప్రశ్న వేసుకోకుండా చేసే వనవిహారం కన్నులకు పండుగే కావచ్చు గాని, అది విద్య కాదని మా అభిప్రాయం.

టాంజానియా దేశంలోని సెరెంగెటీ 1951లో జాతీయవనమైనది. సుమారు 15 లక్షల విల్డ్‌బీస్ట్ మృగాలు, వాటి వెంట లక్షలాది జీబ్రాలు పచ్చిక కోసం ఏటా వందల మైళ్ళు వలయంగా సాగిపోయే దృశ్యం నిజంగా చూడదగినదే. అయితే ఆ మైదానాలలోనే మసాయీ జాతివారు తమ పశువులను మేపుకొనేవారు. పశువుల పాలపై బ్రతికే ఆ జాతికి అడవి మృగాలను వేటాడి తినే అలవాటు సాధారణంగా లేదు. అయినా 1959లో వారిని అక్కడి నుండి తరలించి, ప్రక్కనే ఉన్న గోరోంగోరో ప్రాంతంలో ఉండనిచ్చారు. కథ అంతటితో ముగియలేదు. 2022లో లోలియోండో వద్ద 1,500 చదరపు కిలోమీటర్ల మేతభూమిని వన్యప్రాణుల కోసం వేరుచేయబూనినప్పుడు ఘర్షణ చెలరేగి, ఒక పోలీసు మరణించాడు. పలువురు మసాయీలు గాయపడ్డారు.

ఇందుకు ఆఫ్రికా దాకా పోనక్కరలేదు. రాజస్థాన్‌లోని భరత్‌పూర్ వద్ద గల కేవలదేవ్ వనం విస్తీర్ణం 29 చదరపు కిలోమీటర్లే అయినా, అది వందలాది జాతుల పక్షులకు ఆశ్రయం. 1985 నుండి అది ప్రపంచ వారసత్వ క్షేత్రం. ఒకప్పుడది మహారాజుల వేట మడుగు. 1938లో వైస్రాయి లిన్‌లిత్‌గో ప్రభువు విచ్చేసిన ఒక్క దినాన నాలుగు వేలకు పైగా పక్షులు నేలకూలాయి. తరువాత వేట పోయి రక్షణ వచ్చింది. సంతోషం. కాని 1982లో చుట్టుప్రక్కల గ్రామాల గేదెలు వనంలో మేయరాదని నిషేధం విధించారు. గ్రామస్థులు ప్రతిఘటించగా పోలీసు కాల్పులు జరిగి కొందరు ప్రాణాలు కోల్పోయారు.

అటుపిమ్మట జరిగినది విద్యార్థులు ప్రత్యేకంగా గమనించాలి. గేదెలు మేయడం మానేసరికి మడుగులలో గడ్డి దట్టంగా అల్లుకొన్నది. నీటిపక్షులు ఈదడానికి, చేపలు పట్టడానికి తావు తగ్గిపోయింది. బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘంవారు ఏండ్ల తరబడి పరిశీలించి, గేదెల మేత ఆ మడుగులకు మేలే చేసేదని తేల్చారు. ఆ సంఘానికి తన జీవితాన్ని ధారపోసిన సాలిం అలీగారు నిషేధాన్ని సమర్థించిన వారిలో ప్రముఖులు. 1930వ దశకం ఆరంభంలో నైజాం రాజ్యమంతా తిరిగి పక్షుల వివరాలు సేకరించిన ఆ మహనీయుని యెడల మా గౌరవం ఇసుమంతైనా తగ్గదు. కాని ఎంతటి విద్వాంసుడైనా గేదెల కాపరికి తెలిసిన సంగతిని అడిగి తెలుసుకోవలసినదే. పెద్దాయన అభిప్రాయానికి విరుద్ధంగా వచ్చిన ఫలితాన్ని మరుగుపరచక ప్రకటించిన ఆ పరిశోధకుల నిజాయితీ కూడా మనకు ఆదర్శం.

ఈ విషయంలో మన సంప్రదాయం కూడా ఒక దారి చూపుతున్నది. అరేబియాలో ‘హిమా’ అనే రక్షిత పచ్చికబయళ్ళు ఉండేవి. ఇస్లాంకు పూర్వం బలవంతులైన నాయకులు వాటిని తమ మందలకే అట్టిపెట్టుకొనేవారు. ప్రవక్త (స) ఆ పెత్తనాన్ని తొలగించి, ప్రజాహితానికే హిమా ఉండాలన్నారు. ఖలీఫా ఉమర్ (రజి) తమ హిమా కాపలాదారుకు ఇచ్చిన ఆదేశం హదీసు గ్రంథాలలో ఉన్నది. కొద్దిపాటి ఒంటెలు, గొర్రెలు గల పేదవానిని లోనికి రానిమ్మనీ, సంపన్నులైన సహాబాల మందలను రానీయవద్దనీ దాని సారాంశం. సంపన్నుని పశువులు చస్తే అతనికి తోటలు, పొలాలు ఉన్నాయి. పేదవాని పశువులు చస్తే అతడు బిడ్డలతో వచ్చి తన వాకిట నిలుస్తాడని ఖలీఫా భావించారు. భరత్‌పూర్‌లో జరిగినది దీనికి సరిగా తలక్రిందులు. అక్కడ వైస్రాయి తుపాకికి ద్వారం తెరిచారు, పేదవాని గేదెకు మూశారు.

అందరినీ రానిస్తే అడవి మిగులుతుందా అని కొందరు అడుగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. హద్దులేని మేత అడవిని హరిస్తుంది. హిమాకు కూడా హద్దు ఉండేది, కాపలా ఉండేది. హద్దు వద్దని మేము అనడం లేదు. ఆ హద్దు ఎవరిని అడిగి గీస్తున్నారు, దాని భారం ఎవరి నెత్తిన పడుతున్నది అనేదే మా వాదం. రువాండాలో కొండ గొరిల్లాలను చూడవచ్చే విదేశీయుల రుసుమును 2017లో 1,500 డాలర్లకు పెంచినప్పుడే, వనాల యాత్రాదాయంలో పరిసర గ్రామాల వాటాను నూటికి ఐదు నుండి పదికి పెంచారు. రువాండా, ఉగాండా, కాంగో దేశాలలో కలిసి ఆ గొరిల్లాలు నేడు వేయికి మించాయి. లోపాలు లేవని కాదు. అడవి నుండి వెడలగొట్టబడిన బాట్వా జాతివారి గోడు ఇంకా తీరలేదు. అయినా ప్రక్క గ్రామానికి వాటా ఇస్తే మృగానికి నష్టం కలుగుతుందన్న భయం నిరాధారమని అక్కడ తేలింది.

ఏటా విద్యార్థుల విహారయాత్ర విషయం కమిటీ పెద్దల ముందుకు వస్తుంది. ఈసారి నల్లమలకు పోదామని మా మనవి. అక్కడ పులులను కాచే అటవీశాఖ శిబిరాలలో చెంచులు పనిచేస్తున్నారు. పులి అడుగుజాడను వారివలె చదువగలవారు అరుదు. ఒక పూట వారిని అధ్యాపకుల స్థానంలో కూర్చుండబెట్టి, మేము కూడా విద్యార్థులతో కలిసి నేల మీద కూర్చుంటాము. బయటి నుండి వచ్చే ఉపన్యాసకునికి ఇచ్చే పారితోషికమే వారికీ ఇప్పించవలసిందిగా కోరుతున్నాము. పులి కనబడకపోయినా చింతలేదు. వచ్చే సంచికలో ఒక చెంచు పెద్ద చెప్పిన సంగతులను మన విద్యార్థులు ఉర్దూలోను, తెలుగులోను వ్రాసి ప్రకటిస్తే ఈ నాలుగు మాటలు వ్రాసిన ప్రయోజనం నెరవేరినట్లే.